ఏడు పొరల పేర్లు చాలవు: ఉన్నత విద్యామండళ్లకు డబ్లిన్ నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షులకు,



నేను డబ్లిన్‌లో నెట్‌వర్క్ ఇంజనీరుని. మా బృందంలోకి కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూ చేసే పని నాకూ తగులుతుంది. వచ్చేవాళ్లలో మన పిల్లలు తక్కువేం కాదు. గుంటూరు నుంచి, వరంగల్ నుంచి, కర్నూలు నుంచి, కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మెస్సీ పూర్తిచేసినవాళ్లు. వాళ్ల తరఫున మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ ఉత్తరం. సంగతి ముందే చెప్పేస్తాను: బీటెక్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపరు ప్రశ్నల తీరు మార్చండి. ప్రోటోకాల్ అంటే ఏమిటో రాయమనడం తగ్గించి, నడుస్తున్న ప్రోటోకాల్‌ను పిల్లల ముందు పెట్టి, ఏం జరుగుతోందో చెప్పమనండి.

ఎందుకు అడుగుతున్నానో వినండి. నెట్‌వర్క్‌ను ఏడు పొరలుగా చూపే ఓఎస్ఐ మోడల్ గురించి చెప్పమంటే మన పిల్లలు ఊపిరి తీసుకోకుండా అప్పగిస్తారు: ఫిజికల్, డేటా లింక్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్, సెషన్, ప్రెజెంటేషన్, అప్లికేషన్. ఒక్కటీ తప్పిపోదు, వరస మారదు. ఆ వెంటనే నేను ఇంకో ప్రశ్న వేస్తాను. "8.8.8.8కి పింగ్ వెళ్తోంది, జవాబు వస్తోంది. కానీ బ్రౌజర్‌లో ఏ సైటూ తెరుచుకోవడం లేదు. ఎక్కడ మొదలుపెడతావు?" అక్కడ ఆగిపోతారు. పింగ్ వెళ్తోందంటే ఐపీ దారి బాగానే ఉన్నట్టు. కనుక ముందు చూడాల్సింది సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్‌ని. ఈ పిల్లలు పరీక్షలో డీఎన్ఎస్ మీద పది మార్కుల వ్యాసం రాసినవాళ్లే. రాసింది వేరే ఎక్కడో ఉంది, ఎదురుగా ఉన్న చిక్కు వేరే ఎక్కడో ఉంది. రెంటికీ చుట్టరికం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇది తెలివికి సంబంధించిన లోటు కాదు. అదే పిల్లవాడిని కూర్చోబెట్టి ప్యాకెట్లు చూపిస్తే సాయంత్రానికల్లా తిరిగి నన్నే ప్రశ్నలు అడుగుతాడు. కానీ ఇక్కడ అంత తీరిక ఎవరికుంది? బ్యాంకు అప్పుతో వచ్చిన పిల్లలు. చదివినన్నాళ్లూ వారానికి 20 గంటలు ఏదో దుకాణంలో పనిచేసుకుంటారు. ఎమ్మెస్సీ అయ్యాక స్టాంప్ 1జీ అనే అనుమతి మీద ఉద్యోగం వెతుక్కోవడానికి ఎక్కువలో ఎక్కువ రెండేళ్లు దొరుకుతుంది. గుంటూరులో ఒక సెమిస్టర్‌లో పైసా ఖర్చు లేకుండా వచ్చే జ్ఞానాన్ని ఇక్కడ అద్దె కడుతూ, గడువు లెక్కపెట్టుకుంటూ నేర్చుకోవలసి వస్తోంది.

ప్రోటోకాల్‌ను ఎలా నేర్పాలో చూపించడానికి నేనున్న ఈ దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఐర్లండ్ నైరుతి కొసన, కెర్రీ కౌంటీలో వాలెన్షియా అనే చిన్న దీవి ఉంది. 1858 ఆగస్టులో అట్లాంటిక్ అడుగున వేసిన తొలి టెలిగ్రాఫ్ తీగ ఒక కొస ఇక్కడ, రెండో కొస మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో న్యూఫౌండ్లాండ్‌లో ఒడ్డు చేరాయి. లోకమంతా సంబరాలు చేసుకుంది. తీగకు రెండు వైపులా కూర్చున్న ఆపరేటర్ల పని మాత్రం సంబరంలా లేదు. మొదటి రోజుల్లో ఆ తీగ మీద నడిచినవి చాలావరకు ఇలాంటి మాటలే: మళ్లీ పంపండి. నెమ్మదిగా పంపండి. మీకు ఎలా అందుతోంది? ఇంకా నెమ్మదిగా. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు పంపిన 98 పదాల సందేశం చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. సంకేతం బలహీనంగా వస్తోందని కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ దాదాపు రెండు వేల వోల్టులు ఎక్కించాడు. అంతంతమాత్రంగా ఉన్న తీగ మూడు వారాలకే మూగబోయింది. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన విలియం థామ్సన్ మాత్రం మొదట్నించీ వేరే దారి చెబుతూ వచ్చాడు: పంపేవైపు బలం పెంచకండి, అందుకునేవైపు సున్నితమైన పరికరం పెట్టండి. చివరికి ఆ దారిలోనే, 1866లో గ్రేట్ ఈస్టర్న్ ఓడ వేసిన తీగ నిలిచింది.

మన సిలబస్‌లో మొదటి పాఠంగా ఈ కథ పెడితే, ప్రోటోకాల్ ఎందుకు పుట్టిందో ఇక వేరే చెప్పనక్కర్లేదు. ఇద్దరి మధ్య నమ్మలేని దారి ఉంది. మాట పోవచ్చు, చెడిపోవచ్చు, ఆలస్యం కావచ్చు. అలా జరిగినప్పుడు ఎవరు ఏం చెయ్యాలో ముందే కుదుర్చుకున్న ఒప్పందమే ప్రోటోకాల్. అన్నీ సవ్యంగా జరిగితే దాని అవసరమే అంతగా ఉండదు. మన పాఠ్యపుస్తకాలు మాత్రం అన్నీ సవ్యంగా జరిగే బొమ్మ గీసి, బాణాలు వేసి, పేజీ తిప్పేస్తాయి.

ఆ ఆపరేటర్ల మాటలను పక్కన పెట్టుకుని, ఈనాటి టీసీపీ అనే ప్రోటోకాల్ చేసే పని చూడండి. ల్యాప్‌టాప్‌లో ఒక సైటు తెరిచాం. మొదటి ప్యాకెట్‌లో ల్యాప్‌టాప్ సిన్ అనే జెండా ఎత్తి, తన లెక్క ఏ అంకె దగ్గర మొదలవుతుందో సర్వర్‌కు చెబుతుంది. సర్వర్ ఆ అంకెకు ఒకటి కలిపి, అందింది అని రసీదు రాసి, తన అంకెను కూడా జతచేసి తిప్పి పంపుతుంది. ల్యాప్‌టాప్ దానికీ ఒకటి కలిపి రసీదు ఇస్తుంది. మూడు ప్యాకెట్లు. అప్పుడు గానీ అసలు మాట మొదలు కాదు. ఆ తర్వాత వెళ్లే ప్రతి బైటుకూ ఒక వరస సంఖ్య ఉంటుంది. మధ్యలో ఏదైనా పోతే అవతలివాడు పాత రసీదునే మళ్లీ మళ్లీ పంపుతాడు. అదే రసీదు అదనంగా మూడుసార్లు వచ్చిందంటే, ఏదో పోయిందని అర్థం చేసుకుని గడువు ముగిసేదాకా ఆగకుండా ఇవతలివాడు పోయినదాన్ని తిరిగి పంపుతాడు. అందుకునేవాడు తన దగ్గర ఇంకా ఎంత చోటుందో ప్రతి రసీదులోనూ రాస్తాడు. దాన్నే విండో అంటారు. చోటు లేకపోతే సున్నా అని రాస్తాడు. అంటే ఆగమని.

వైర్‌షార్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఇదంతా కళ్లముందు వరసగా కనిపిస్తుంది. అది 1998లో ఇథీరియల్ పేరుతో మొదలైంది, 2006లో పేరు మారింది. మన సిలబస్‌లలో కొన్నింటిలో దాని పేరు ఇప్పటికే ఉన్న సంగతి నాకు తెలుసు. ల్యాబ్ ప్రయోగాల జాబితా చివర ఉంటుంది. సెమిస్టర్ చివరికి వచ్చేసరికి టైము ఉండదు, సీనియర్ రికార్డులోంచి స్క్రీన్‌షాట్ కొత్త రికార్డులోకి వస్తుంది, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ సంతకం పడుతుంది. జాబితాలో పేరు ఎక్కించడం తేలిక. దాన్ని పిల్లలు తెరిచి చూసేలా చెయ్యడమే కష్టం.

ఒక్క కబురు పోయినా ఒప్పుకోని పద్ధతి టీసీపీది. అన్ని పనులకూ అది పనికిరాదన్న సంగతి కూడా చూపించే చెప్పాలి. డబ్లిన్ నుంచి హైదరాబాద్ నేరుగా గీత గీస్తే ఎనిమిది వేల కిలోమీటర్ల పైమాట. గాజుతీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి 80 మిల్లీసెకన్లు తప్పవు. తీగలు సముద్రాల గుండా చుట్టు తిరిగి పోతాయి కనుక నిజానికి ఇంకా ఎక్కువే అవుతుంది. నేను అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడుతున్నప్పుడు మధ్యలో ఒక అక్షరం పోయిందనుకోండి. దాన్ని తిరిగి తెప్పించేసరికి అమ్మ తర్వాతి మాటలో ఉంటుంది. అందుకే అలాంటి కాల్స్ మామూలుగా యూడీపీ మీద నడుస్తాయి. పోయింది పోయిందే, ముందుకు నడు. బ్యాంకులో డబ్బు పంపేటప్పుడు ఆ ధోరణి పనికిరాదు. టీసీపీకి, యూడీపీకి తేడాలు రాయమని పట్టిక గీయించే బదులు, ఈ రెండు పనుల్లో దేనికి ఏది వాడతావు, ఎందుకు అని అడిగితే పిల్లవాడికి బట్టీ అక్కరకు రాదు.

నెమ్మదిగా పంపమన్న వాలెన్షియా మాట విలువ ఇంటర్నెట్‌కు కూడా దెబ్బ తిన్నాకే తెలిసింది. 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్ మొత్తం టీసీపీ/ఐపీకి మారింది. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, పక్కనే ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి మధ్య సెకనుకు 32 వేల బిట్ల వేగం 40 బిట్లకు పడిపోయింది. రద్దీలో ప్యాకెట్లు పోతున్నాయి, పోయినవాటిని అందరూ మళ్లీ పంపుతున్నారు, ఆ పంపకంతో రద్దీ ఇంకా పెరుగుతోంది. వాన్ జాకబ్సన్ దాని మూలం వెతికి, 1988లో పరిష్కారం ప్రచురించాడు: తక్కువతో మొదలుపెట్టు, రసీదులు వచ్చేకొద్దీ పెంచు, నష్టం కనిపిస్తే వెంటనే తగ్గు. ఈ సంగతి తెలిసిన పిల్లవాడికి ఈ పద్ధతిలో మొదటి మెట్టయిన స్లో స్టార్ట్ గ్రాఫు బట్టీపట్టే పని లేదు. తనే గీస్తాడు.

ఇంకొక్క ముచ్చట, కార్క్ నగరానిది. 1849లో అక్కడి క్వీన్స్ కాలేజీకి తొలి గణితాచార్యుడిగా జార్జ్ బూల్ వచ్చాడు. ఆయనకు విశ్వవిద్యాలయ డిగ్రీ లేదు, సొంతంగా చదువుకున్నవాడు. ఆలోచనకు కూడా బీజగణితం ఉంటుందని 1854లో పుస్తకం రాశాడు. ఆ కాలేజీయే ఇప్పటి యూనివర్సిటీ కాలేజ్ కార్క్. అక్కడి గ్రంథాలయానికి ఆయన పేరే పెట్టుకున్నారు. ఒక చిరునామా ఏ నెట్‌వర్క్‌లోదో తేల్చే సబ్‌నెట్ లెక్కలంటే మన పిల్లలు భయపడతారు, ఫార్ములాలు గుర్తుపెట్టుకుంటారు. లెక్క మొత్తం బూల్ చెప్పిన "అండ్" ఒక్కటే. చిరునామా 192.168.1.37, మాస్క్ 255.255.255.224 అనుకోండి. చివరి అంకెలనే చూద్దాం. 37ని బిట్లలో రాస్తే 00100101. 224ని రాస్తే 11100000. రెండూ ఒకదాని కింద ఒకటి పెట్టి, రెండు చోట్లా 1 ఉన్నచోట మాత్రమే 1 వేస్తే 00100000, అంటే 32 వస్తుంది. కనుక ఈ కంప్యూటర్ ఉన్న నెట్‌వర్క్ 192.168.1.32. ఇప్పుడు ఇది 192.168.1.70కి కబురు పంపాలి. 70కి కూడా అదే మాస్క్ వేస్తే 64 వస్తుంది. 32 వేరు, 64 వేరు. అంటే అవతలి యంత్రం మన నెట్‌వర్క్‌లో లేదు, కబురు రౌటర్ చేతికి ఇవ్వాలి. ప్యాకెట్ పంపే ప్రతిసారీ ప్రతి కంప్యూటరూ ఈ లెక్కే వేసుకుంటుంది. బోర్డు మీద చాక్‌పీస్‌తో అయిదు నిమిషాల పని ఇది.

ఇంత లోతు అందరికీ ఎందుకని మీ సలహాదారులు అడగవచ్చు. కంపెనీలు ఏఐ అడుగుతున్నాయి, ఈ పాత చింతకాయ పచ్చడి ఎవరికి కావాలని అనవచ్చు. వాళ్లకు జవాబుగా 2021 అక్టోబరు 4 రాత్రి చాలు, మీకు గుర్తుండే ఉంటుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలపాటు లోకమంతా ఆగిపోయాయి. మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక ఆదేశం వల్ల ఆ సంస్థ డేటా సెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్క్ తెగింది. వెన్నెముక అందకపోవడంతో వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు తమ దారులను, నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీ నుంచి తామే వెనక్కి తీసుకున్నాయి. దాంతో ఆ పేర్లకు చిరునామా చెప్పేవాళ్లు లేకుండా పోయారు. బీజీపీ, డీఎన్ఎస్ రెండూ 1980లలో పుట్టిన పాత ప్రోటోకాల్సే. ఏఐ కూడా నెట్‌వర్క్‌ల మీదే నడుస్తుంది. వేల ప్రాసెసర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే తప్ప పెద్ద మోడల్ ఒక్కటి కూడా తయారు కాదు.

అంతకంటే దగ్గరి కారణం విశాఖపట్నంలో ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని, సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డు చేరే కేంద్రం కూడా వస్తుందని ప్రకటించింది. ఇప్పటిదాకా మన దేశానికి వచ్చే సముద్రపు కేబుళ్లకు ముఖ్యమైన రేవులు ముంబయి, చెన్నైలే. ఇప్పుడు తెలుగు తీరానికి ఆ వంతు వస్తోంది. సంతోషమే. అయితే ఐర్లండ్ అనుభవం కూడా చూడండి. ఈ దేశపు గణాంక కార్యాలయం లెక్కల ప్రకారం మీటరు మీద వాడిన కరెంటులో డేటా సెంటర్ల వాటా 2015లో 5 శాతం, 2023 నాటికి 21 శాతం. అంత కరెంటు తినే భవనం పూర్తయ్యాక లోపల పనిచేసే మనుషులు కొద్దిమందే. వాలెన్షియా కేబుల్ స్టేషన్ వందేళ్లు నడిచి 1966లో మూతపడింది.   ఒడ్డున తీగ తేలినంత మాత్రాన ఆ ఊరికి విద్య రాదు. తీగ తెగితే ఎక్కడ తెగిందో కనిపెట్టగలవాడికి మాత్రం ఏ ఊళ్లోనైనా పని దొరుకుతుంది.

ఐర్లండ్ ఈ సంగతి గ్రహించి బడి వయసు నుంచే మొదలుపెట్టింది. 2011లో కార్క్‌లో జేమ్స్ వెల్టన్, బిల్ లియావ్ మొదలుపెట్టిన కోడర్‌డోజో పిల్లలకు ఉచితంగా ప్రోగ్రామింగ్ నేర్పే క్లబ్బుగా దేశదేశాలకు పాకింది. మన ఇంటర్‌కు సమానమైన లీవింగ్ సర్టిఫికెట్‌లో 2018 సెప్టెంబరులో 40 బడులతో కంప్యూటర్ సైన్స్ మొదలైంది. అందులో 30 శాతం మార్కులు విద్యార్థి స్వయంగా చేసిన ప్రాజెక్టువే. తుది పరీక్షలో కూడా ఒక భాగం కంప్యూటర్ ముందు కూర్చుని రాయవలసిందే. ఇక్కడి బడులన్నీ గొప్పవని అనను. పరీక్ష ఏం అడిగితే బడి అదే నేర్పుతుందన్న చిన్న సూత్రాన్ని వీళ్లు వాడుకున్నారు. ఆ సూత్రం మనకంటే బాగా ఎవరికి తెలుసు?

అందుకే మీకు నా విన్నపాలు నాలుగే.

మొదటిది, ప్రశ్నపత్రం. ఓఎస్ఐ ఏడు పొరలను వివరింపుము అనే ప్రశ్నను కొన్నేళ్లు పక్కన పెట్టండి. దాని బదులు పది ప్యాకెట్ల పట్టిక అచ్చువేసి ఇవ్వండి: ఎవరి నుంచి ఎవరికి, ఏ పోర్టు, ఏ జెండా, ఏ సంఖ్య. ఇందులో ఏ ప్యాకెట్ పోయింది, ఎలా తెలిసింది అని అడగండి. గైడు పుస్తకాలు ఆ ప్రశ్నకు జవాబు ముందే అచ్చువేయలేవు, పట్టిక ఏటా మారుతుంది కనుక.

రెండోది, ల్యాబ్. వైర్‌షార్క్‌ను జాబితా చివరినుంచి మొదటి వారానికి తీసుకురండి. మొదటి రోజు కంప్యూటరే వద్దు. ఇద్దరు పిల్లల మధ్య చీటీలు నడిపించండి, మూడోవాడు మధ్యలో కొన్ని చీటీలు చింపేయాలి. పూర్తి ఉత్తరం అవతలికి చేరేలా నియమాలు వాళ్లనే రాయమనండి. పీరియడ్ ముగిసేలోగా వరస సంఖ్య, రసీదు, గడువు మూడూ వాళ్లే కనిపెడతారు. పేర్లు తర్వాత చెప్పవచ్చు. ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు రికార్డు చూసి సంతకం చెయ్యకుండా, తన ముందే ప్యాకెట్లు పట్టించి చెప్పించాలి.

మూడోది, పాఠం చెప్పేవాళ్లు. చాలా కాలేజీల్లో నెట్‌వర్క్స్ చెప్పే అధ్యాపకుడు నెట్‌వర్క్ నడిపిన మనిషి కాడు, నిన్నటి బ్యాచ్ పట్టభద్రుడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. వేసవిలో శిక్షణ పెట్టండి. డబ్లిన్‌లో, లండన్‌లో, డాలస్‌లో, హైదరాబాద్‌లోనే ఈ పని చేసే తెలుగువాళ్లం వందల్లో ఉన్నాం. పిలిస్తే ఆన్‌లైన్‌లో వచ్చి చెబుతాం. జీతం అడగం.

నాలుగోది, తెలుగు. ల్యాబ్ మాన్యువల్ తెలుగులో కూడా రావాలి. టీసీపీ, పోర్టు, ప్యాకెట్ అనే మాటలు అలాగే ఉండనివ్వండి. చుట్టూ ఉన్న వాక్యం పిల్లవాడికి అర్థమయ్యే భాషలో ఉంటే చాలు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు అడ్డం పడేది చాలాసార్లు ప్రోటోకాల్ కాదు, దాన్ని వివరించిన ఇంగ్లిషు పేరా.

ఖర్చు ఎంతంటారా? వైర్‌షార్క్ ఉచితం. ఉన్న పాత కంప్యూటర్లు రెండు, వాటి మధ్య ఒక కేబులు చాలు. 1969 ఏప్రిల్ 7న స్టీవ్ క్రాకర్ రాసిన ఆర్ఎఫ్‌సి 1 మొదలుకొని ఇంటర్నెట్ నియమాల పత్రాలన్నీ ఎవరైనా, ఎక్కడినుంచైనా పైసా కట్టకుండా చదువుకోవచ్చు. ఈ రంగంలో అసలు పుస్తకానికి తాళం లేదు. పిల్లవాడికీ ఆ పుస్తకానికీ మధ్య నిలబడింది మన ప్రశ్నపత్రం ఒక్కటే. దాన్ని మార్చే అధికారం మీకుంది, మాకు లేదు.

వచ్చే విద్యాసంవత్సరం సిలబస్ సమీక్షలో ఈ నాలుగు అంశాలను చర్చకు పెట్టండి. మొత్తం ఒకేసారి కుదరకపోతే ఒక విశ్వవిద్యాలయంలో, ఒక సెమిస్టర్ ప్రయత్నించి చూడండి. మంచిచెడ్డలు పిల్లల జవాబు పత్రాలే చెబుతాయి.

ఇట్లు,
మీ విధేయుడు,
డబ్లిన్‌లో పనిచేస్తున్న ఒక తెలుగు నెట్‌వర్క్ ఇంజనీరు